మొదటి బోరులో నీళ్లు

పోయిన వారం వేదశ్రీని శాలిబండ ప్రసూతి ఆసుపత్రి మెట్ల మీద, వేరేవాళ్లు రాసిన రిపోర్టు చేతికిచ్చి, నిలబెట్టి వచ్చేశాం. ఆమె సంగతి తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

నాలుగేళ్ల కిందట ఆ నలభై పడకల ఆసుపత్రిలో గోడల మీది ఏసీలన్నీ పీకించి, భూమి చల్లదనంతో నడిచే మిషన్ పెట్టించింది వేదశ్రీ పనిచేసే కంపెనీయే. మామూలు ఏసీ గదిలోని వేడిని వీధిలోకి ఊదుతుంది. ఇది అలా కాదు. పైపుల్లో తిరిగే నీళ్లు ఆ వేడిని మోసుకెళ్లి, పెరట్లోని పదహారు బోర్లలో, మూడు వందల అడుగుల లోతు దాకా ఉన్న రాయికి అప్పగించి, చల్లబడి పైకి వస్తాయి. ఆ రాయి ఎన్నేళ్లపాటు ఎంత వేడిని మింగగలదో ముందే చెప్పడం వేదశ్రీ ఉద్యోగం. నాలుగో వేసవిలో నీళ్లు ముప్పై మూడు డిగ్రీల దగ్గర తిరిగొస్తాయని ఆమె చెప్పింది. ఈ శుక్రవారం పొద్దున మిషన్ గది చూసుకునే ఎల్లేష్ నోటుబుక్కులో రాసిన అంకె ముప్పై తొమ్మిదిన్నర. నలభై రెండు దాటితే మిషన్ తనంతట తానే ఆగిపోతుంది. అప్పటికింకా ఏప్రిల్ కూడా దాటలేదు.

అంచనా ఎందుకు తప్పిందో సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి నడిపే ట్రస్టు వాళ్లకు చెప్పాలి. వేదశ్రీ బాస్ మురళీధర్ జవాబు తయారుగా ఉంచారు. వార్డుల తలుపులు తెరిచిపెట్టి, ఏసీని ఇరవైకి తిప్పి సిబ్బంది దుర్వినియోగం చేశారు, బాధ్యత హెడ్ నర్సు ఉమ్మే హానీది అని రెండు పేజీలు. రాసింది ఆయన, సంతకం మాత్రం వేదశ్రీది కావాలట. మెట్ల మీద ఆమె చేతిలో ఉన్నది ఆ రెండు పేజీలే.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డనూ మొదట ఎత్తుకున్న చేతులు ఉమ్మే హానీవి. నిన్న ఆమె వేదశ్రీని పసిపిల్లల గదిలోకి తీసుకెళ్లింది. నెలలు నిండని పిల్లలు ఆరుగురు గాజుపెట్టెల్లో ఉన్నారు. "ఈ పెట్టె పిల్లను వెచ్చగ ఉంచుతది బేటా. చల్లగ ఉంచుడు దీనికి రాదు. గది ఉడికితే లోపల పిల్లగూడ ఉడుకుతది. గసుంటి గది తలుపు నేను తెరిచిపెడతనా?" అని మాత్రం అడిగింది. గోడకు పాత ఏసీ తాలూకు ఇనుప బ్రాకెట్లు ఇంకా ఉన్నాయి. వాటి మీద ఎవరో టవల్ ఆరేసుకున్నారు.

వేదశ్రీ సంతకం పెట్టలేదు. అలాగని పెట్టనని చెప్పే ధైర్యమూ చేయలేదు. మనలో చాలామంది నిలబడే చోటే ఆమె కూడా నిలబడింది, మధ్యలో.

కానీ ఒక సంగతి ఆమెకు తెలుసు. ఎల్లేష్ నోటుబుక్కు నాలుగేళ్లదీ రాత్రి కూర్చుని చదివింది. వార్డులు భూమిలోకి పంపిన వేడి తాను అనుకున్నంతే ఉంది, చెంచాడు కూడా ఎక్కువ లేదు. నర్సుల తప్పేమీ లేదు. రాయే మింగడం లేదు. రాయి గురించి తనకు తెలిసిందంతా మొదటి బోరులో చేసిన వేడి పరీక్ష వల్ల తెలిసింది. ఆ బోరు వేసినవాడు దస్తగీర్.

మధ్యాహ్నం రెండింటికి ఆమె ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులో ఆటో దిగింది.

దస్తగీర్ ఇంటి ముందు ఖాళీ జాగాలో బోరు బండి నిలబడి ఉంది, చక్రాల కింద రాళ్లు పెట్టి. దాని నీడలోనే నులక మంచం. జుమ్మా నమాజు చేసి వచ్చిన తెల్ల కుర్తాతో ఆయన దాని మీద కూర్చుని ఖర్బూజా ముక్కలు తింటున్నాడు. అరవై దాటిన మనిషి. రాళ్ల మోతతో ఎడమ చెవి సగం పోయింది, అందుకని ఎవరు వచ్చినా కుడివైపు కూర్చోమంటాడు.

"ఏంది బిడ్డా, గీ ఎండల వచ్చినవ్? ఇగో, గిట్ల కూసో. రఫియా! మేడంకు నీళ్లు తే."

రఫియా ఆయన కూతురు. చార్మినార్ దగ్గర సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది, శుక్రవారం సెలవు. నీళ్లిచ్చి గడపలో కూర్చుంది, వినడానికేనని దాచుకోకుండా.

వేదశ్రీ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. దారిపొడవునా ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించింది. తీరా నోరు తెరిస్తే ముందుమాటలేవీ రాలేదు.

"చాచా, ఆసుపత్రి మొదటి బోరు. దాంట్ల నీళ్లు పడ్డయా?"

దస్తగీర్ చేతిలో ముక్క చేతిలోనే ఆగింది. "గిప్పుడెందుకు గది? నాలుగేండ్లాయె."

"పడ్డయా, లేదా?"

"నేను అప్పుడే జెప్పిన గద, పొడి బోరని."

"చెప్పినవ్. నేను రాసుకున్న. ఆ రాసిందాని మీదనే పదహారు బోర్లు చాలు అన్న. ఇప్పుడు మిషన్ ఆగేటట్టుంది చాచా. అందుకే మళ్ల అడుగుతున్న."

ఆయన బండి వైపు చూశాడు. కుడిచెవి వైపే కూర్చుంది కాబట్టి వినబడలేదని తప్పించుకునే దారి లేదు. ఖర్బూజా పళ్లెం పక్కకు జరిపి అడిగాడు, "నీళ్లకూ మీ వేడికీ ఏం సంబంధం? మీరు వేసేది వేడి పంపే బోరు. తాగే నీళ్ల బోరు గాదు గద."

వేదశ్రీకి ఒళ్లు మండింది. వెంటనే, ఆయన నిజంగానే అడుగుతున్నాడని అర్థమై మంట చల్లారింది. పదహారు బోర్లు వేసిన మనిషికి అవెందుకో ఎవరూ చెప్పలేదు. తనూ చెప్పలేదు. డ్రాయింగు ఇచ్చి, గుండ్రాలు చూపించి, లోతు చెప్పి వెళ్లిపోయింది.

"కాగిన పాలగిన్నె నీళ్ల తట్టల పెడితే ఏమైతది చాచా?"

"సల్లారుతది."

"కొంచెంసేపే. తట్టల నీళ్లు వేడెక్కినంక ఇంక సల్లారదు. అదే గిన్నెను నల్లా కింద పెడితే?"

"నల్లా నడిచినంతసేపు సల్లారుతనే ఉంటది. కొత్త నీళ్లు వస్తుంటయ్ గద..." అని ఆయన ఆగిపోయాడు.

"నేను మొదటి బోరుల మూడు దినాలు వేడి నీళ్లు తిప్పి చూసిన. ఎంత పంపినా గుంజుకున్నది. అబ్బ, ఎంత మంచి రాయో అనుకున్న. కడమ పదిహేను బోర్లు గూడ గట్లనే గుంజుతయని లెక్క గట్టిన."

స్టేషన్ వైపు నుంచి లోకల్ రైలు కూత వినబడి ఆగింది. దస్తగీర్ తల అడ్డంగా ఊపుతూ అన్నాడు, "కడమ పదిహేనుల పిండి లేచింది బిడ్డా. తెల్లటి పిండి. పదిహేనిట్ల చెంబెడు నీళ్లు గూడ లేవు. నువ్వు నల్లా సూసి తట్టకు లెక్క గట్టినవ్."

ఆమె మూడు రాత్రులు కంప్యూటరు ముందు కూర్చుని తేల్చుకోలేనిది ఆయన ఒక్క ముక్కలో తేల్చాడు. వేదశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది.

"మరి పెరడంతా ఉండగ, నీళ్లున్న తావుననే ఎట్ల వడ్డది మొదటి బోరు?"

"పడుడేంది? నేనే సూసి ఏసిన." ఆయన గొంతులో సంజాయిషీ లేదు, కొంచెం గర్వం కూడా ఉంది. "మా అయ్య బావులు తవ్వెటోడు. ఏ జాగలనైనా మొదటి బోరు పొడి పోతే బండికి బర్కత్ ఉండదు, కలిసిరాదు అనెటోడు. నువ్వు పెరట్ల యాడనన్న ఒకటెయ్యి అన్నవ్. యాడనన్న అంటే నేను సూస్కోనా? కొబ్బరికాయ అరచేతుల పట్టుకొని పెరడంతా తిరిగిన. మూలకు బాదం చెట్టు పక్కపొంటి కాయ నిట్టనిలువు లేచింది. గదే పాయింట్ అన్న. నీకు మంచి బోరు ఇయ్యాలె అనుకున్న బిడ్డా. నా తప్పు గదే."

ముప్పై ఐదేళ్లుగా నీళ్లు వెతికిన మనిషిని పట్టుకుని ఎక్కడైనా ఒక గుంత తవ్వమంటే, ఆయన నీళ్లున్న చోట కాక ఇంకెక్కడ తవ్వుతాడు? పెరడంతటికీ నమూనాగా నిలిచే మామూలు చోటు కావాలని తను చెప్పి ఉండాల్సింది. అక్కడ నిలబడి ఉండాల్సింది. నిలబడలేదు.

నాలుగేళ్ల కిందట ఆ మొదటి బోరు వేసిన ఆదివారం లాల్ దర్వాజా బోనాలు. రోడ్లు మూసేస్తారని దస్తగీర్ శనివారమే బండిని ఆసుపత్రి లోపలికి తోలుకున్నాడు. అది లోపల ఇరుక్కుని ఉంది కదా అని ఆదివారమే పని మొదలుపెట్టాడు. వేదశ్రీ ఇంట్లో ఆ ఏడు బోనం ఎత్తాల్సింది తనే. ఫోన్ చేసి అడిగితే మురళీధర్ నవ్వారు. "నువ్వు వెళ్లి బోనం ఎత్తుకో తల్లీ, బోరు ఎక్కడికీ పారిపోదు. ఫారంలో నువ్వు ఉన్నట్టే రాసెయ్, అది వట్టి ఫార్మాలిటీ" అన్నారు. ఎంత మంచి బాసు అనుకుంది ఆ రోజు. బుధవారం ఆఫీసులో కూర్చుని 'బోరు తవ్వకం నా సమక్షంలో జరిగినది' అన్న వాక్యం కింద సంతకం చేసింది. మర్నాడు వచ్చి పరీక్ష మొదలుపెట్టేసరికి పైపు దింపి, బోరు పూడ్చేసి ఉంది. నీళ్లు చూసే వీల్లేదు.

"చాచా, నేను గురువారం అడిగినప్పుడు పొడి అని ఎందుకు చెప్పినవ్?"

దస్తగీర్ గడ్డం రుద్దుకున్నాడు. "ముప్పై అయిదేండ్లల్ల పొడి బోరును నీళ్ల బోరని ఎవ్వనికి జెప్పలే బిడ్డా. నీళ్ల బోరును పొడి అన్నది గదొక్కటే. అల్లా సూస్తుండు. నన్ను అనమన్నరు, అన్న."

"ఎవరు అనమన్నరు?"

గడపలోంచి రఫియా లేచి వచ్చింది.

"చెప్పు బాబా. ఇంక దాస్తే ఎట్ల? రేపు మాట అక్క మీదికే వస్తది గద."

"నువ్వు ఊకో."

"నేను ఊకోను." రఫియా లోపలికి వెళ్లి, అద్దం పగిలిన పాత ఫోను ఒకటి పట్టుకొచ్చింది. "నీళ్లు పడ్డ ప్రతి బోరుకు మేము వీడియో తీస్తం అక్కా. స్టేటస్‌ల పెట్టి నలుగురికి జూపిస్తేనే బాబాకు ఇంకో బోరు వస్తది. గీ ఒక్కటి మాత్రం పెట్టొద్దన్నడు. ఎందుకో నాకు అప్పుడు సమజ్ కాలే."

పగిలిన అద్దం కింద ఆసుపత్రి పెరడు కదిలింది. బాదం చెట్టు. బండి మోత. పొడి దుమ్ము లేస్తూ లేస్తూ ఒక్కసారి బూడిదరంగు బురద అయింది, ఆ వెంటనే నిలువెత్తున నీళ్లు ఎగిశాయి. కూలీలు ఈలలు వేశారు. నీళ్ల అంచున తెల్ల చొక్కా మనిషి ఒకాయన, చేయి చాచి నీళ్లు పట్టి నెత్తిన చల్లుకుని, నవ్వుతూ ఇటు తిరిగారు.

మురళీధర్ సార్.

బండి మోత తగ్గాక మాటలు వినబడ్డాయి. దస్తగీర్ గొంతు: "సార్, గిది నీళ్ల బోరయింది. మేడం పరీక్షకు పనికొస్తదో లేదో. అవతలి పక్కకు ఇంకోటి ఏస్తా." మురళీధర్, కర్చీఫుతో మొహం తుడుచుకుంటూ: "ఎందుకయ్యా, ఇదే బాగుంటుంది. ఆ అమ్మాయి అడిగితే పొడి బోరని చెప్పు. లేకపోతే మళ్లీ మొదటినుంచి తవ్వమంటుంది."

వేదశ్రీ రెండోసారి చూడలేదు. అవసరం లేకపోయింది. పన్నెండేళ్ల కిందట భూమి లోపలి వేడిని ఎలా లెక్కగట్టాలో చేయి పట్టి నేర్పించింది ఆయనే. పరీక్ష బోరులో నీళ్లుంటే అంకె అబద్ధం చెబుతుందని మొదటి వారమే హెచ్చరించిందీ ఆయనే. అంకె మంచిగా వస్తే బోర్లు తగ్గుతాయి, కంపెనీకి ఖర్చు తగ్గుతుంది. తెలియక చేశారనుకోవడానికి ఆమెకు సందు దొరకలేదు. నిన్నటిదాకా ఆయన మీద కోపం ఉంది. ఇప్పుడు కోపం కంటే సిగ్గు ఎక్కువైంది, తను ఆ మనిషిని అంతగా నమ్మినందుకు.

"గిది నాకు కావాలె" అంది.

"తీస్కపో. గానీ ఒక మాట ఇను." దస్తగీర్ మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "దీంట్ల తారీఖు ఉన్నది. ఆడ ఉన్నోళ్లందరు ఉన్నరు. నువ్వు లేవు. నువ్వు ఉన్నవని దస్కత్ పెట్టినవని సార్ అప్పుడే జెప్పిండు. గిది జూపిస్తే ముందుగాల మునిగేది నువ్వే బిడ్డా. సార్ తర్వాత."

ఆ సంగతి ఆమెకు అప్పటికే తట్టింది. ఉమ్మే హానీ తప్పు లేదని ఎవరూ కాదనలేకుండా చూపించే సాక్ష్యం లోకంలో ఒక్కటే ఉంది. అది వేదశ్రీ అబద్ధం రాసిందని కూడా చూపిస్తుంది.

"మునిగితే మునుగుత" అంది. లేచి ఫోను కోసం చేయి చాచింది.

"కాపీ చేద్దామంటే దీని చార్జింగ్ వైరు బొక్క కరాబయింది అక్కా. నెట్ లేదు, బ్లూటూత్ దొరుకుతలేదు" అంది రఫియా. "ఎట్లనో నూకి చార్జింగ్ ఎక్కిస్తున్న. రేపు దుకాణంల మా వోళ్లకిస్తే తీస్తరు." రేపటిదాకా ఆగే వీల్లేదు. తన ఫోనుతో ఆ వీడియోను తీయబోతే పగిలిన అద్దం మీద ఎండ తప్ప మనిషి మొహం పడలేదు. టైము మూడున్నర. వేదశ్రీ ఫోనునే సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది. దస్తగీర్ సందు చివరిదాకా వెంట వచ్చాడు.

ఆసుపత్రి మొదటి అంతస్తులో ట్రస్టు గది. పొడుగాటి బల్లకు ఆ చివర ట్రస్టు చైర్మన్ ఆనందరావు గారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఏ కాగితమైనా రెండుసార్లు చదువుతారు. ఆయనకు ఎడమపక్క మురళీధర్, ఇస్త్రీ నలగని చొక్కాతో. గోడవార కుర్చీలో ఉమ్మే హానీ, ఒళ్లో చేతులు పెట్టుకుని. వేదశ్రీకి మిగిలిన కుర్చీ మురళీధర్ పక్కదే. ఆనందరావు గారికీ ఆమెకూ మధ్యన ఆయన.

"వచ్చేశావా వేదా, గుడ్" అన్నారు మురళీధర్. గొంతు తగ్గించి, "సైన్ చేశావు కదా? టెక్నికల్ గొడవలన్నీ వాళ్లకెందుకు. సింపుల్‌గా కానిచ్చేద్దాం."

జవాబు కోసం ఆగకుండా తన దగ్గరున్న కాపీ తీసి ఆయనే చదవడం మొదలుపెట్టారు. చదవడం బాగా చదువుతారు. తలుపులు, ఇరవై డిగ్రీలు, సిబ్బంది అవగాహనా లోపం. పరిష్కారంగా గదుల్లోని స్విచ్చులకు తాళాలు వేస్తే చాలు, మిషన్‌కు ఏ లోపమూ లేదు. ఉమ్మే హానీ తల ఎత్తలేదు.

"పరీక్ష సంగతి కూడా చెప్పండి. ఆ అంకె మీదే కదా అంతా నిలబడింది" అన్నారు ఆనందరావు గారు, కళ్లజోడు సర్దుకుని.

"తప్పకుండా. పరీక్ష బోరు మా సీనియర్ ఇంజనీర్ వేదశ్రీ సమక్షంలోనే తవ్వారు. పొడి రాయి. రికార్డు ఉంది." మురళీధర్ ఆమె వైపు తిరిగి చిరునవ్వు నవ్వారు. "అంతే కదమ్మా?"

అంతే సార్ అంటే అయిపోతుంది. ఉద్యోగం ఉంటుంది, పేరు ఉంటుంది. స్విచ్చులకు తాళాలు పడతాయి, హానీ ఆపా ఇంటికి పోతుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం మిషన్ ఎలాగూ ఆగుతుంది. అప్పుడు ఆ గదిలో ఎవరి పిల్లలుంటారో.

"కాదు సార్" అంది వేదశ్రీ. "ఆ రోజు నేను అక్కడ లేను."

ఉమ్మే హానీ తల ఎత్తింది.

"లేకుండానే ఉన్నానని సంతకం చేశాను. అది నా తప్పు. ఆ బోరులో నీళ్లు పడ్డాయి. అందుకే పరీక్ష తప్పు, నా అంచనా తప్పు. పదహారు కాదు, కనీసం ఇరవై ఆరు బోర్లు కావాలి. నర్సుల తప్పు ఇందులో వీసమంత లేదు. స్విచ్చులకు తాళాలు వేస్తే ఏమీ కాదు. పై రెండంతస్తులకూ, ఈ ఆఫీసుకూ ఈ రోజే చల్లదనం ఆపేసి, ఉన్నదంతా పసిపిల్లల గదికి వదలాలి. అప్పుడే వానలదాకా నిలుస్తుంది."

చెప్పాల్సింది చెప్పేసింది. చాలా రోజుల తర్వాత ఊపిరి నిండా పీల్చుకున్నట్టనిపించింది.

మురళీధర్ నవ్వు చెదరలేదు. "పాపం, వారం రోజులుగా నిద్ర లేదు సార్ ఈ అమ్మాయికి. బోరులో నీళ్లు పడ్డాయని ఎవరు చెప్పారమ్మా? ఆ డ్రిల్లింగ్ ముసలాయనా?"

"మరి నువ్వు లేకపోతే ఆ రోజు అక్కడ ఎవరున్నారు?" అని అడిగారు ఆనందరావు గారు.

వేదశ్రీ సంచిలోంచి పగిలిన ఫోను తీసింది. వీడియో తెరిచి, ఆడించే గుర్తు మీద వేలు పెట్టబోతూ, ఆనందరావు గారికే ఇద్దామని చేయి చాచింది. మధ్యలో మురళీధర్ చేయి వచ్చింది. "ఇటివ్వు, నేను అందిస్తాను." పన్నెండేళ్లుగా సార్ చేయి చాస్తే కాగితం అందించడానికి అలవాటుపడ్డ చేయి ఆమెది. బుద్ధి వద్దనేలోపే అది ఇచ్చేసింది.

సరిగ్గా అప్పుడే గదిలో ఏదో మారింది. ఏమిటో ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. నాలుగేళ్లుగా చెవులు మరిచిపోయిన సన్నని హోరు ఒకటి ఆగిపోయింది. బయట హారన్లు, కింద వరండాలో మనుషుల మాటలు, అన్నీ ఒక్కసారి దగ్గరికొచ్చాయి.

తలుపు దగ్గర ఎల్లేష్, చెమటలు కక్కుతూ. "మేడం, మిషన్ బంద్ వడ్డది. నలభై రెండు దాటింది."

అందరికంటే ముందు లేచింది ఉమ్మే హానీ. ఒక్క మాట లేకుండా, కొంగు నడుముకు దోపుకుంటూ పసిపిల్లల గది వైపు పరిగెత్తింది. ఆ వెనకే వేదశ్రీ మెట్లు దిగింది. మిషన్‌ను మళ్లీ లేపాలంటే మొదట పై అంతస్తులకూ ఆఫీసుకూ పోయే వాల్వులు మూసేయాలి. ఏది ఎక్కడికి పోతుందో ఎల్లేష్‌కు సగం తెలుసు. పూర్తిగా తెలిసింది, పైపుల పటం గీసిన ఆమెకే.

మిషన్ గది పొయ్యిలా ఉంది. పైపు పట్టుకుంటే చేయి నిలవలేదు. "ఎరుపు చక్రం రెండో అంతస్తుది. తిప్పు ఎల్లేష్. కుడికి. మొత్తం." తను మూడో అంతస్తుది పట్టుకుంది. నాలుగేళ్లుగా ఎవరూ తిప్పని చక్రం తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. చున్నీ చుట్టి బలమంతా పెట్టింది. కీచుమని పావు చుట్టు కదిలింది. పైనుంచి ఉమ్మే హానీ కేక వినబడింది: "బేటా! గదిల ముప్పై ఒకటి అయింది! జల్దీ!"

"ఇరవై నిమిషాలు ఆపా! తడిబట్టలు కట్టండి కిటికీలకు!"

మూడో అంతస్తుది మూసుకుంది. రెండోది ఎల్లేష్ కట్టేశాడు. ఇంక ఆఫీసుది ఒక్కటే మిగిలింది. ఆ చక్రం మీద చేయి వేశాకే ఆమెకు ఖాళీగా ఉన్న రెండో చేయి గుర్తొచ్చింది.

ఫోను సార్ దగ్గరే ఉంది. ఆనందరావు గారు దాన్ని చూడనేలేదు.

గాలి కోసం తలుపు తీసిన ఎల్లేష్ అక్కడే ఆగిపోయాడు.

"మేడం, గది మీ సార్ కారే గద? గేటు దాటుతున్నది."

ఇంజను శబ్దం ఆమెకూ వినబడింది. పరిగెత్తితే సందు మలుపులో, షేర్ ఆటోల మధ్య అందుకోవచ్చు. శాలిబండలో నాలుగున్నరకు ఏ కారూ అంత తొందరగా ముందుకు పోదు. అది ఆమెకు తెలుసు.

పైన ఒక పసిబిడ్డ ఏడుపు మొదలైంది. దాని వెంట ఇంకొకటి.

వేదశ్రీ చున్నీని చక్రానికి మళ్లీ చుట్టి, రెండు చేతులతో తిప్పడం మొదలుపెట్టింది.